‘డార్క్ హార్స్’ : ఒక ఆంగ్ల జాతీయము – అర్థము, పుట్టుక, అనువాదము

ఒక భాషలోని జాతీయమును మఱొక భాషలోనికి తెచ్చునపుడు పదములు లొంగును గాని పదముల వెనుకనున్న లోకము లొంగదు. అనువాద పాఠము చెప్పు ప్రతి ఉపన్యాసకునకును ఈ సంగతి తెలిసినదే. ఐనను తెలిసిన సంగతియే ఒక్కొక్కప్పుడు మనలను మోసపుచ్చును. కొన్ని సంవత్సరముల క్రిందట నేను ఎం.ఏ. తరగతిలో అనువాద పాఠము చెప్పుచు, ‘డార్క్ హార్స్’ అను ఆంగ్ల జాతీయమునకు ‘నల్ల గుఱ్ఱము’ అని బల్లపై వ్రాసి, గెలుచునని ఎవ్వరును అనుకొననివాడు గెలిచినచో వానిని ఇట్లందురని వివరించి ముందునకు సాగితిని. వెనుక వరుసలోని ఒక విద్యార్థి లేచి, “గురువుగారూ, గుఱ్ఱము నల్లనిదైనచో ఆ నలుపు అందఱకును కనబడుచునే ఉండును గదా. కనబడుచున్నది తెలియనిదెట్లగును?” అని అడిగెను. నా యొద్ద సమాధానము లేదు. ఎప్పుడో చదివిన కథ నొకదానిని చెప్పి ఆనాటికి గట్టెక్కితిని. ఆ కథయు నమ్మదగినది కాదని తరువాత తెలిసికొంటిని. ఆనాడు ఆ విద్యార్థికి ఈయవలసియుండిన సమాధానమే ఈ వ్యాసము.

అర్థము

ఈ జాతీయమునకు ఆంగ్లమున నేడు రెండు అర్థచ్ఛాయలు కలవు. మొదటిది పోటీకి సంబంధించినది. పందెమునందో, ఎన్నికయందో, పదవికై జరుగు పోటీయందో గెలుపునకు తగినవారని లోకము కొందఱను ముందుగానే ఎన్నుకొనియుండును. వారందఱును వెనుకబడగా, ఎవ్వరి లెక్కలోను లేని వాడొకడు ముందునకు వచ్చి గెలుచును, లేదా గెలుచునట్లు కనబడును. వాడు డార్క్ హార్స్. రెండవ ఛాయ వ్యక్తి స్వభావమునకు సంబంధించినది. ఇది బ్రిటిషు వ్యవహారమున తఱచుగా వినబడును. తన నేర్పును గాని తన వ్యవహారములను గాని ఇతరులకు తెలియనీయని వానిని గూర్చి ఈ మాట వాడుదురు. పదేండ్లు తలవంచుకొని పనిచేసిన గుమాస్తా ఒకనాడు సభలో వయొలిన్ కచేరి చేసినచో, తోటివారు ఆశ్చర్యముతో వానిని డార్క్ హార్స్ అందురు. ఇచట పోటీయు లేదు, గెలుపును లేదు.

ఈ రెండు ఛాయలకును ఉమ్మడియైన అంశమేది? బలహీనత కాదు, అదృష్టము కాదు. ఇతరులు ఎఱుగకుండుట. ఈ మాటను పట్టుకొన్నచో పుట్టుకయు, అనువాదమున వచ్చు చిక్కును రెండును విడివడును.

పందెపు బయలు

18వ శతాబ్ది చివరి పాదమున ఇంగ్లండులో గుఱ్ఱపు పందెములు వ్యవస్థితమైన వినోదముగా రూపొందినవి. సెయింట్ లెజర్ 1776లోను, ఓక్స్ 1779లోను, ఎప్సమ్ డెర్బీ 1780లోను ఆరంభమైనవి. పందెముతోపాటు పందెము కాయుటయు పెరిగినది. పందెము కాయువానికి కావలసినది సమాచారము. గుఱ్ఱము ఏ వంశమునకు చెందినది, పూర్వము ఏయే పందెములలో ఎట్లు పరుగెత్తినది, శిక్షణలో దాని పోకడ యెట్లున్నది అను సంగతులను బట్టియే ధర నిర్ణయమగును. ఒకటికి రెండు, ఒకటికి పది అను నిష్పత్తులు ఆ గుఱ్ఱమును గూర్చి లోకమునకు కల ఎఱుకకు కట్టిన వెల. కావుననే యజమానులు కొందఱు తమ గుఱ్ఱపు సత్తువను దాచియుంచుటకు యత్నించిరి. చాటునుండి శిక్షణను కనిపెట్టి ఆ వార్తలను అమ్ముకొనువారును బయలుదేరిరి. దాచుట, కనిపెట్టుట అను ఈ రెంటి నడుమ పుట్టినది మన జాతీయము. ఎవరికిని సత్తువ తెలియనీయక, నలుగురి కంటబడనీయక ఉంచిన గుఱ్ఱము డార్క్ హార్స్.

ఇచట ‘డార్క్’ శబ్దమును కొంత విచారింపవలెను. ఆంగ్లమున ఈ విశేషణమునకు వెలుతురు లేమి ఒక అర్థము. రంగు ముదురుగా ఉండుట మఱొక అర్థము. గూఢము, మఱుగుననున్నది, తెలియనిది అనునది ఇంకొక అర్థము. ఈ కడపటి అర్థము మధ్యయుగములనాటి ఆంగ్లము నుండియు వచ్చుచున్నదే. ఒక సంగతిని రహస్యముగా ఉంచుమని చెప్పుటకు దానిని డార్క్‌గా ఉంచుమనుట ఆంగ్లమున వాడుక. మన జాతీయమునందున్నది ఈ కడపటి అర్థమే. గుఱ్ఱము నల్లనిదే కానక్కఱలేదు. పాలవలె తెల్లని గుఱ్ఱమైనను డార్క్ హార్స్ కావచ్చును.

సాహిత్యమున ఈ ప్రయోగమునకు తొలి సాక్ష్యముగా నిఘంటుకారులు చూపునది బెంజమిన్ డిజ్రేలీ నవల ‘ది యంగ్ డ్యూక్’. ఇది 1831లో వెలువడినది. అందొక పందెపు ఘట్టము కలదు. జనులు మిక్కిలిగా నమ్మిన గుఱ్ఱములు రెండును ఎందుకును కొఱగాకుండ పోవును. వాని తరువాత పేర్కొనదగినవియు వెనుకబడును. ఎవ్వరును తలపనైన తలపని గుఱ్ఱమొకటి ప్రేక్షకుల వేదిక ముందుగా విజయోత్సాహముతో దూసికొనిపోవును. ఆ గుఱ్ఱమును డిజ్రేలీ డార్క్ హార్స్ అనినాడు. ఆయన ఆ మాటకు వివరణమీయలేదు. పందెపు బయలున అదివఱకే మెలగుచున్న మాటను గ్రంథమున కెక్కించినట్లే ఆ ప్రయోగము తోచును. ఆ రచయితయే 1868లోను, మఱల 1874 మొదలు 1880 వఱకును ఇంగ్లండునకు ప్రధానమంత్రి యగుట ఒక ముచ్చట. యూదుకుటుంబమున పుట్టి, చిన్ననాట మతము మార్పబడి, అప్పులలో మునిగియుండిన ఆ యువ నవలాకారుడు అట్టి పదవికెక్కునని 1831లో పందెము కాయువాడు లేడు.

కట్టుకథలు, నిజముగా జరిగిన కథ

అర్థము మఱుగుపడిన చోట కథ పుట్టుట భాషలకు సహజము. ‘డార్క్’ అనగా నలుపే అని తలచినవారు ఈ జాతీయమునకు ఒక కథ కల్పించిరి. అమెరికాలోని టెనసీ ప్రాంతమున గుఱ్ఱముల బేహారి యొకడు నల్లని మేలుజాతి గుఱ్ఱమునెక్కి ఊరూర తిరిగెడివాడట. చూచుటకది మామూలు స్వారిగుఱ్ఱమువలె ఉండుటచే ఊరివారు దానిని తేలికగా ఎంచి, తమ గుఱ్ఱములతో పందెము కట్టి, డబ్బు పోగొట్టుకొనెడివారట. తరగతిలో నేను చెప్పి గట్టెక్కినది ఈ కథయే. దీనియందలి లోపము స్పష్టము. ఆ కథలోనైనను జనులను మోసగించినది గుఱ్ఱపు రంగు కాదు, దాని సత్తువను వారు ఎఱుగకుండుట. కథ తనంతట తానే తన వ్యుత్పత్తిని కాదనుచున్నది.

గుఱ్ఱమునకు నల్లరంగు పూసి గుర్తుపట్టకుండ చేసి పందెమునకు దింపుటవలన ఈ మాట పుట్టినదని మఱి కొందఱందురు. రంగు పూయుట నిజముగా జరిగినదే. 1844 మే 22వ తేదీన జరిగిన డెర్బీలో ‘రన్నింగ్ రీన్’ అను పేర పరుగెత్తిన గుఱ్ఱము మొదట వచ్చినది. డెర్బీ మూడేండ్ల గుఱ్ఱములకు మాత్రమే పరిమితమైన పందెము. పరుగెత్తినది నిజమునకు ‘మకాబియస్’ అను నాలుగేండ్ల గుఱ్ఱమనియు, వెండ్రుకలకు రంగు వేసి దానిని మార్చిరనియు లార్డ్ జార్జి బెంటింక్ కూపీ తీసి బయటపెట్టెను. వ్యాజ్యము నడచినది. గుఱ్ఱమును తెచ్చి చూపుమని న్యాయమూర్తి కోరగా చూపలేకపోయిరి. గెలుపు రెండవదిగా వచ్చిన ‘ఆర్లాండో’కు దక్కినది.

ఐనను ఈ వ్యవహారము మన జాతీయమునకు మూలము కాజాలదు. డిజ్రేలీ ప్రయోగము దీనికి 13 ఏండ్లు ముందటిది. ఇది కాలమునుబట్టి చెప్పు కారణము. అంతకంటె ముఖ్యమైనది అర్థమునుబట్టి చెప్పు కారణము. రంగు పూసిన గుఱ్ఱమును గూర్చి లోకమునకు తప్పుడు ఎఱుక కలదు. డార్క్ హార్స్‌ను గూర్చి ఎఱుకయే లేదు. మొదటిది వంచన, రెండవదానియందు వంచన ఉండనక్కఱలేదు. చూడవలసినవారు చూడకపోవుటయే చాలును.

పందెపు బయలు నుండి రాజకీయ సభకు

డెర్బీ మోసము జరిగిన వారమునకే, 1844 మే 27వ తేదీన, అమెరికాలోని బాల్టిమోర్ నగరమున డెమొక్రాటిక్ పక్షమువారి మహాసభ ఆరంభమైనది. అధ్యక్షపదవికి తమ అభ్యర్థిని ఎన్నుకొనుటకు కూడిన సభ అది. మాజీ అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ అందఱికంటె ముందున్నాడు. కాని టెక్సాస్‌ను అమెరికాలో చేర్చుకొనుటను ఆయన వ్యతిరేకించుటచే దక్షిణాదివారికి కంటగింపయ్యెను. ఎన్నిక కావలెనన్నచో మూడింట రెండు వంతుల ఓట్లు, అనగా మొత్తము 266లో 177 రావలెనను నియమమును సభ ఆమోదించినది. తొలి వంతులో వాన్ బ్యూరెన్‌కు 146, లూయిస్ కాస్‌కు 83 వచ్చినవి. సగము కంటె ఎక్కువ వచ్చియు వాన్ బ్యూరెన్ గెలువలేదు. వంతు వంతునకు ఆయన బలము తగ్గినది, కాస్ బలము పెరిగినది, ఐనను ఎవరికిని 177 రాలేదు. ఏడు వంతులు ఇట్లు గడచినవి. ఎనిమిదవ వంతులో అంతవఱకు పట్టికలోనే లేని జేమ్స్ పోక్ అను పేరు కనబడి 44 ఓట్లు పొందినది. తొమ్మిదవ వంతులో సభ మొత్తము అతని వైపునకు ఒరిగినది. కొలది దినముల క్రిందటనే ఆరంభమైన మోర్స్ తంతి మార్గమున ఈ వార్త వాషింగ్టన్‌కు చేరినది.

ప్రతిపక్షమైన విగ్ పక్షమువారు, ఈ పోక్ ఎవడని ఎగతాళి చేసిరి. ఇచట మనము నిలిచి చూడవలసిన సంగతి యొకటి కలదు. పోక్ అనామకుడు కాడు. 1835 మొదలు 1839 వఱకు అమెరికా ప్రతినిధుల సభకు స్పీకరుగా ఉండినవాడు. తరువాత రెండేండ్లు టెనసీ రాష్ట్రమునకు గవర్నరు. ఐతే 1841లోను, 1843లోను గవర్నరు ఎన్నికలలో ఓడిపోవుటచే అతని పని ముగిసినదని లోకము తలచినది. అతడును ఈ సభనుండి ఉపాధ్యక్షపదవిని మాత్రమే ఆశించెను. మనిషి తెలిసినవాడే, అధ్యక్షపదవి లెక్కలో మాత్రము లేడు. ఆ సంవత్సరము చివరి ఎన్నికలలో అతడు ప్రసిద్ధుడైన హెన్రీ క్లేను 105 ఎన్నిక ఓట్లకు 170 ఓట్లతో ఓడించి అధ్యక్షుడాయెను. చరిత్ర గ్రంథములు అమెరికా రాజకీయములలోని తొలి డార్క్ హార్స్‌గా ఈతనినే పేర్కొనుచున్నవి.

ఇట్టివి పిమ్మటను జరిగినవి. 1852లో అదే బాల్టిమోర్‌లో ఫ్రాంక్లిన్ పియర్స్ పేరు 35వ వంతున మొదటిసారి వినబడి, 49వ వంతున నెగ్గినది. 1880లో చికాగోలో రిపబ్లికన్ పక్షపు సభకు జాన్ షెర్మన్ పేరును ప్రతిపాదించుటకై వచ్చిన జేమ్స్ గార్ఫీల్డ్ 36వ వంతున తానే అభ్యర్థి యయ్యెను. ఈ ముగ్గురి కథలలోను కారణమొక్కటియే: ప్రసిద్ధులకు మిత్రులతోపాటు శత్రువులును ఏర్పడియుందురు, లెక్కలో లేనివానికి శత్రువులు తక్కువ. చూపు పడకపోవుటయే వానికి బలమైనది.

అసంభావ్యత ఎచటనున్నది?

అనుకోని విజయములన్నియు ఒక్క జాతివి కావు. వానిని విడదీయుటకు మనకు సంస్కృత లౌకిక న్యాయములు తోడ్పడును. పురుగు కొయ్యను తొలుచుచుండగా ఒక అక్షరపు ఆకారము ఏర్పడును. అది ఘుణాక్షర న్యాయము. గ్రుడ్డివాని చేతికి పిచ్చుక చిక్కును. అది అంధచటక న్యాయము. ఈ రెండును యాదృచ్ఛిక విజయములు. గెలిచినవానియందు సత్తువ లేదు. మఱల చేయుమన్నచో చేయలేడు. ఆంగ్లమున ‘లాంగ్ షాట్’ అను మఱొక మాట కలదు. చాల దూరమునుండి కాల్చిన గుండు గుఱి తగులుట అరుదు గావున ఆ మాట పుట్టినది. పందెములలో గెలుపు అవకాశము మిక్కిలి తక్కువయని అందఱును ఎఱిగిన గుఱ్ఱమును అట్లందురు. ఇచట సత్తువ కొంచెమే కలదు, ఆ సంగతి లోకమునకు తెలియును. గెలిచినచో అది అరుదు.

డార్క్ హార్స్ ఈ రెండు తెగలలోను చేరదు. సత్తువ కలదు; ఆ సంగతి లోకమునకు తెలియదు. అసంభావ్యత గుఱ్ఱమునందు లేదు, చూచువాని లెక్కయందు కలదు. తిక్కన విరాటపర్వము చదివినవారికి ఇది కొత్త సంగతి కాదు. కౌరవసేనను ఉత్తరుడే గెలిచినాడని విరాటరాజు పొంగిపోవును. బృహన్నల సారథియైనప్పుడు గెలుపునకు సందేహమేమని కంకుడనును. ఆ మాటకు రాజు కోపించి పాచికతో కొట్టును. జరిగిన యుద్ధమొక్కటియే. బృహన్నలను నాట్యాచార్యునిగా మాత్రమే ఎఱిగిన విరాటునకు ఆమె పేరు లెక్కలోనే లేదు. అర్జునునిగా ఎఱిగిన ధర్మరాజునకు ఆ గెలుపు తప్పనిది.

తెలుగున ఎట్లు చెప్పవలెను?

ఇక నా తరగతిలోని ‘నల్ల గుఱ్ఱము’ను విచారింతము. ఆంగ్ల జాతీయములను మాటకు మాటగా తెచ్చుట ఎల్లవేళల తప్పు కాదు. ‘మొసలి కన్నీరు’, ‘తెల్ల ఏనుగు’ మన భాషలో హాయిగా ఇమిడిపోయినవి. ఏలయన మొసలి మొసలియే, కన్నీరు కన్నీరే. ఏనుగు తెలుపు నిజముగా రంగే. చిత్రము మారలేదు. ‘నల్ల గుఱ్ఱము’లో మాత్రము మూలమున లేని రంగు వచ్చి, మూలమున ఉన్న తెలియమి పోయినది. పైగా తెలుగున ‘నల్ల’ శబ్దము ‘నల్లబజారు’, ‘నల్లధనము’ మొదలగు అనువాదపదములలో చేరి అక్రమమను ఛాయను సంపాదించుకొన్నది. ‘చీకటి గుఱ్ఱము’ అందమనుకొన్నచో, ‘చీకటి బజారు’ దానిని మలినము చేసియున్నది. పోక్‌ను ‘చీకటి అభ్యర్థి’ అన్నచో చదువరి అతనిపై లేని నేరమును మోపును.

ఇంకొక చిక్కు కలదు. తెలుగువానికి పందెమనగా ముందు తలపునకు వచ్చునది గుఱ్ఱము కాదు, కోడిపుంజు. పందెపు కోళ్ళను రంగును బట్టి కాకి, డేగ, నెమలి, సేతువ అని పిలుచుట మనవాడుక. ఏ దినమున ఏ రంగు పుంజు ఏ రంగుదానిని గెలుచునో చెప్పు కుక్కుటశాస్త్ర సంప్రదాయము మనకు కలదు. అనగా మన పందెములో రంగు చిహ్నము. పందెము కాయువానికి ఎఱుకనిచ్చునది. ఆంగ్లమున ‘డార్క్’ ఎఱుక లేమిని చెప్పుచుండగా, తెలుగున ‘నల్ల’ ఎఱుకను సూచించుచున్నది. మాటకు మాట పెట్టితిమనుకొని అర్థమును తలక్రిందులు చేసినవారమగుదుము.

ఇట్టి పొరపాటు హానిలేనిదని తలపరాదు. ఆఫ్రికాను మన పాఠ్యపుస్తకములు ‘చీకటి ఖండము’ అని చాలకాలము వ్రాసినవి. ఆంగ్లమున ఆ పేరునకు మిక్కిలి ప్రచారము తెచ్చినది 1878లో వెలువడిన స్టాన్లీ యాత్రాగ్రంథము. ఐరోపావారికి ఆ ఖండపు లోపలి భాగము తెలియదను అర్థమే ఆ పేరునకు ఆధారము. తెలుగు బాలుడు దానిని చదివి, అచటి జనుల మేనిరంగునకో, అచట నాగరకత లేదనుటకో ఆ పేరు వచ్చినదని గ్రహించెను. చూచువాని కన్నులలోని చీకటిని చూడబడినదానికి అంటగట్టుటయే ఇది. ఒక గుఱ్ఱము విషయమున చేసిన తప్పు పరీక్షలో ఒక మార్కు; ఒక ఖండము విషయమున చేసిన తప్పు అంత తేలికది కాదు.

తెలియనిదానిని తెలుగు చీకటితో కంటె కప్పుతో చెప్పును. నివురుగప్పిన నిప్పు, మట్టిలో మాణిక్యము, చాప క్రింద నీరు అను పలుకుబడులన్నియు ఏదో ఒకటి మీద కప్పబడియున్నట్లే చెప్పుచున్నవి. ఐనను వీనిలో ఏదియు డార్క్ హార్స్‌నకు అన్నిచోట్ల సరిపోదు. నివురుగప్పిన నిప్పులో రగులు ప్రమాదము కలదు. మట్టిలో మాణిక్యమునందు యోగ్యత కలదు గాని పోటీ లేదు. చాప క్రింద నీటియందు కుట్ర వాసన కలదు. ‘అనామకుడు’ అనుటయు తగదు. పోక్ కథయే అందుకు సాక్షి.

కావున ఒక్క పర్యాయపదమును వెదకుట మాని, సందర్భమును బట్టి చెప్పుట మేలని నా అభిప్రాయము. డిజ్రేలీ నవలలోని గుఱ్ఱము ‘ఎవ్వరును తలపని గుఱ్ఱము’. పోక్, పియర్స్, గార్ఫీల్డ్‌లు ‘ఎవరి లెక్కలోను లేని అభ్యర్థులు’. కచేరి చేసిన గుమాస్తా ‘గుంభనమైన మనిషి’. గుంభనమను తెలుగుమాట బ్రిటిషు ఛాయను ఇంచుమించు పూర్తిగా పట్టుకొనుచున్నది. పత్రికలవారు ‘డార్క్ హార్స్’ అనియే తెలుగు లిపిలో వ్రాసినచో దానిని తప్పు పట్టను. చదువరి ఎఱుగనిదానిని ఎఱుగనిదిగానే చూపుట, ఎఱిగినట్లు తప్పుగా చూపుటకంటె నయము.

నాడు ప్రశ్నించిన విద్యార్థి ఆ తరగతిలో అంతకు ముందెన్నడును నోరు విప్పినవాడు కాడు. హాజరుపట్టీలో పేరు పిలుచుటకు మించి నేనతనిని ఎఱుగను. అతనికి ఈ జాతీయమును నేను సరిగా నేర్పలేకపోతిని. దాని అర్థమును మాత్రము అతడు నాకు నేర్పినాడు.